గుండ్రంలో ఆర్, గుండ్రంలో సీ: ఎవరు పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి

జనగామ బస్టాండు చుట్టుపక్కల ఏ డీటీపీ సెంటర్లో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. మామిడికాయ తొక్కు డబ్బాకో, కారం పొడి ప్యాకెట్‌కో లేబుల్ చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కటీ సరిచూసుకుంటారు. లక్ష్మీదేవి బొమ్మ ఉందా, పేరు పెద్దక్షరాల్లో వచ్చిందా, ఫోన్ నంబరు తప్పు పడలేదు కదా, ఫుడ్ సేఫ్టీ వాళ్లిచ్చిన 14 అంకెల నంబరు వేశారా. అంతా అయ్యాక, లేచేముందు, "తమ్మీ, పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద పేరు పక్కన గుండ్రంల ఆర్ ఉంటది సూడు, అది గూడ పెట్టు" అంటారు. ఆపరేటర్ పెట్టేస్తాడు. మౌస్ రెండుసార్లు నొక్కితే అయిపోయే పని, దానికి వేరే చార్జీ కూడా ఉండదు.

ఆ చిన్న పని గురించి చట్టంలో ఒక సెక్షనే ఉంది. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం 107వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కాని పేరును రిజిస్టర్ అయినట్టు చూపించకూడదు. "రిజిస్టర్డ్" అని మాటల్లో రాసినా, ® అని గుర్తు వేసినా లెక్క ఒకటే. మొన్నమొన్నటి దాకా దీనికి మూడేళ్ల వరకు జైలు, లేదంటే జరిమానా, లేదంటే రెండూ ఉండేవి. 2023లో పార్లమెంటు చేసిన జన్ విశ్వాస్ చట్టం జైలును తీసేసి, అమ్మకాలను బట్టి లెక్కగట్టే జరిమానా పెట్టింది. ఆ మార్పు 2024 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది.

తొక్కు డబ్బా మీది ఆర్ కోసం జనగామ దాకా ఎవరొస్తారు అనిపించవచ్చు. నిజమే, లేబుళ్లు వెతుక్కుంటూ ఊరూరూ తిరిగే అధికారి ఎవరూ లేరు. చిక్కు ఇంకో దారిన వస్తుంది. సరుకు బాగా పోతున్నదని తెలిసి పక్క మండలంలో ఇంకొకరు అదే పేరు పెట్టుకున్నారనుకుందాం. అసలు యజమాని కోర్టుకు పోతే అవతలి వకీలు ముందుగా చూపించేది ఈ దొంగ ఆర్‌నే. తన డబ్బా మీదే అబద్ధం అచ్చు వేసుకున్న మనిషి న్యాయం అడగడానికి వచ్చాడని వాదిస్తాడు. గట్టి కేసు అక్కడే సగం నీరుగారుతుంది.

అసలు విషాదం ఏమిటంటే, ఆ ఆర్ అవసరమే లేదు. దాని స్థానంలో ™ పెట్టుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఈ పేరు నాది, దీనితో వ్యాపారం చేస్తున్నాను అని లోకానికి చెప్పుకోవడమే ™. దరఖాస్తు పెట్టినవాళ్లూ పెట్టుకోవచ్చు, పెట్టనివాళ్లూ పెట్టుకోవచ్చు. మన చట్టం ఈ గుర్తు ఊసే ఎత్తదు. అలాగని అది ఉత్త అలంకారం కాదు. చాలాకాలంగా వాడిన పేరుకు, జనం ఆ పేరుతోనే సరుకు అడిగే స్థాయికి వచ్చిన పేరుకు, రిజిస్ట్రేషన్ లేకపోయినా కోర్టులు రక్షణ ఇస్తాయి. దాన్నే పాసింగ్ ఆఫ్ దావా అంటారు. ఆ పేరును ఎప్పటి నుంచి సొంతమని చెప్పుకుంటున్నారో చూపించడానికి పాత లేబుళ్లు, బిల్లులు, వాటి మీది ™ పనికొస్తాయి. కాబట్టి కొత్త లేబుల్ వేయించినప్పుడల్లా పాతది ఒకటి తేదీ రాసి దాచుకోవడం మంచిది.

ఇక ® ఎప్పుడు వస్తుంది? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులన్నీ చెన్నైలోని ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ చూస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఒక తరగతికి రూ.4,500, మిగతావాళ్లకు రూ.9,000. ఈ తరగతి అనే మాట దగ్గరే చాలామంది తడబడతారు. లోకంలోని సరుకులను, సేవలను మొత్తం 45 తరగతులుగా విడదీశారు. అందులో తొక్కు, పచ్చళ్లు 29లోకి వస్తాయి, కారం పొడి, మసాలాలు 30లోకి వస్తాయి. ఒకే వంటింట్లోంచి వచ్చినా రెండింటికీ రెండు ఫీజులు. 30లో మాత్రమే రిజిస్టర్ చేయించుకుని, అదే పేరుతో తొక్కు డబ్బా మీద కూడా ® వేస్తే అదీ తప్పే. ఏ సరుకుకు రిజిస్టర్ అయిందో ఆ సరుకు మీదే ఆ గుర్తు ఉండాలి.

దరఖాస్తు పెట్టిన రోజే ఒక నంబరు వస్తుంది. "నంబరొచ్చింది గదా, ఇగ ఆర్ పెట్టుకోండ్రి" అనే ఏజెంట్లకు కొదవ లేదు. ఆ నంబరు వచ్చిందంటే కాగితం అందిందని మాత్రమే. తరువాత పరీక్ష, అభ్యంతరాలుంటే జవాబులు, ఆ పైన ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో ప్రకటన. ప్రకటన వచ్చాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. అవన్నీ దాటితేనే సర్టిఫికెట్. తమాషా ఏమిటంటే, సర్టిఫికెట్ వచ్చాక హక్కును దరఖాస్తు తేదీ నుంచే లెక్కిస్తారు. అయినా గుర్తును వెనక్కి జరపడం కుదరదు. రిజిస్ట్రీ వెబ్‌సైటులో దరఖాస్తు నంబరు కొట్టి చూస్తే దాని స్థితి తెలుస్తుంది. అక్కడ "రిజిస్టర్డ్" అని కనబడితేనే లేబుల్ మీద ™ తీసి ® పెట్టాలి. పదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. అది చేయించక రిజిస్టర్ నుంచి పేరు పోతే ® కూడా పోవాలి.

పేరు ఎంపికలోనే కొన్ని గుంతలున్నాయి. జనగామ చుట్టుపక్కల జిల్లాల్లో దుకాణాల బోర్డులు చూస్తే సగం దేవుళ్లే: భద్రకాళి, సమ్మక్క సారలమ్మ, కొమురవెల్లి మల్లన్న. భక్తి మంచిదే గానీ, అలాంటి పేరు ఒక్కరి సొంతం కావడం కష్టం. అగరుబత్తీలకు "రామాయణ్" అనే పేరును ట్రేడ్‌మార్క్‌గా కోరిన కేసులో, పవిత్ర గ్రంథం పేరును ఒక వ్యాపారి గుత్తకు తీసుకోవడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. "ఎర్ర కారం", "ఇంటి తొక్కు" లాంటివీ అంతే. సరుకు గుణాన్ని చెప్పే మాటలు అందరివీ. పక్కన ఎన్ని ™లు వేసినా వాటిని ఒక్కరే పట్టుకోలేరు.

డబ్బా విమానం ఎక్కుతుంటే ఇంకో జాగ్రత్త కావాలి. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న బంధువుల ద్వారా అక్కడి తెలుగు దుకాణాలకు తొక్కు పంపేవాళ్లు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ ఉన్నారు. భారతదేశంలో రిజిస్టర్ అయిన పేరు అమెరికాలో రిజిస్టర్ అయినట్టు కాదు. అక్కడి లేబుల్ మీద ® ఉంటే, అది అమెరికా ట్రేడ్‌మార్క్ కార్యాలయం ఇచ్చిన రిజిస్ట్రేషన్ అని అర్థం చేసుకుంటారు. కనుక ఎగుమతి డబ్బాకు ™ మేలు. ఇటువైపు కూడా అదే నియమం. విదేశంలో మాత్రమే రిజిస్టర్ అయిన పేరుతో ఇక్కడ అమ్మేవాళ్లు ఫలానా దేశంలో రిజిస్టర్ అయిందని పక్కనే, గుర్తు కన్నా చిన్నవి కాని అక్షరాలతో రాస్తేనే మన చట్టం ఊరుకుంటుంది.

ఇంతవరకు చెప్పింది ఒక మనిషిదో, ఒక సంస్థదో అయిన పేరు సంగతి. ఒక ప్రాంతానికి మొత్తంగా చెందిన పేర్లు వేరు. ఈ చుట్టుపక్కల జిల్లాల్లోనే అలాంటి మంచి ఉదాహరణలు రెండున్నాయి.

మొదటిది చపాటా మిర్చి. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. అందుకే పచ్చళ్లవాళ్లు, రంగు తీసేవాళ్లు దానికోసం చూస్తారు. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పండుతుంది. తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ 2022లో దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, కోరుతూ దరఖాస్తు పెట్టింది. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని దాని పరిశోధన కేంద్రం శాస్త్రీయమైన ఆధారాలు సమకూర్చడంలో తోడు నిలిచాయి. 2025లో "వరంగల్ చపాటా మిర్చి" జీఐ రిజిస్టర్‌లోకి ఎక్కింది.

వార్త పత్రికల్లో రాగానే కొందరు వ్యాపారులకు ఒక ఆలోచన వస్తుంది: ఆ పేరునే తమ కంపెనీకి ట్రేడ్‌మార్క్ చేయించుకుంటే? కుదరదు. జీఐ పేరును ఒకరి ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయకూడదని జీఐ చట్టం 25వ సెక్షనే చెబుతుంది. దాన్ని అమ్ముకోవడానికీ, తాకట్టు పెట్టుకోవడానికీ లేదు. ఆ పేరు పక్కన ™ వేసుకోవడంలో అర్థం లేదు, ® అసలే వేయకూడదు. భూపాలపల్లి రైతు తన ప్యాకెట్ మీద "వరంగల్ చపాటా మిర్చి" అని రాసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా తన పేరు రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ దరఖాస్తు రుసుము ఒకప్పుడు రూ.500 ఉండేది, 2020లో దాన్ని రూ.10కి తగ్గించారు. పది రూపాయలకు ఇంత విలువైన హక్కు ఇంకెక్కడా దొరకదు. అయినా జీఐ వచ్చిన సంబరం జరిగినంతగా ఈ రూ.10 దరఖాస్తుల సంగతి ఎవరూ మాట్లాడుకోరు. జీఐ సరుకులకు కేంద్రం 2018 ఆగస్టు 1న ఒక ప్రత్యేక ముద్రను కూడా విడుదల చేసింది. ప్యాకెట్ మీద వేయవలసింది ఆ ముద్ర. తేజ రకం కారాన్ని పట్టించి, చపాటా అని రాసి, పక్కన గుండ్రం ఆర్ పెట్టినవాడు ఒకే లేబుల్ మీద రెండు అబద్ధాలు చెప్పినట్టు.

రెండోది పెంబర్తి. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే రోడ్డు మీద, జనగామకు కాస్త ముందు వచ్చే ఊరు. పెంబర్తి లోహకళకు చాలా ఏళ్ల కిందటే జీఐ వచ్చింది. ఇత్తడి రేకును లక్క మీద అతికించి, ఉలితో, సుత్తితో కొట్టి బొమ్మను లేపే పని అది. కాకతీయుల కాలం నుంచి గుడులకు, రథాలకు తొడుగులు చేసిన చేతులు ఇప్పుడు ఎక్కువగా సన్మాన సభలకు మెమెంటోలు చేస్తున్నాయి. కాకతీయ తోరణం ఉన్న ఇత్తడి మెమెంటో తెలంగాణలో ఏ వేదిక మీదైనా కనబడుతుంది.

ఒక మెమెంటోను చేతిలోకి తీసుకుని చూస్తే ఈ గుర్తుల లెక్కంతా అందులోనే తెలిసిపోతుంది. "పెంబర్తి" అనే పేరు ఊరిది. అధీకృత వినియోగదారు అయిన కళాకారుడు దాని పెట్టె మీద జీఐ ముద్ర వేసుకోవచ్చు. అడుగున చెక్కిన పేరు ఆ కార్ఖానాది. దానికి ™, రిజిస్టర్ అయితే ®. పెట్టెలో పెట్టిన చిన్న కరపత్రంలో కళ చరిత్ర రాసి, ఫొటోలు వేస్తే ఆ రాతకు, ఆ ఫొటోలకు కాపీరైట్ గుర్తు ©. ఒకే వస్తువు, ముగ్గురు యజమానులు: ఊరు, కార్ఖానా, రాసినవాళ్లు.

మరి రేకు మీది బొమ్మ ఎవరిది? కళాకారుడు కొత్తగా ఊహించి గీసిన బొమ్మ మీద కాపీరైట్ అతనిదే. కానీ ఇక్కడ చాలామందికి తెలియని మడత ఒకటుంది. డిజైన్‌గా రిజిస్టర్ చేయించుకోదగినదాన్ని అలా చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి ప్రతులు తీస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ అంటుంది. చేత్తో ఒక్కొక్కటే కొట్టి చేసిన పనిని పారిశ్రామిక పద్ధతి అనడం కష్టం. అదే బొమ్మకు అచ్చు పోయించి, ప్రెస్సు మీద వందల కొద్దీ దింపించే ఆర్డరు ఒప్పుకునే ముందు మాత్రం డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవాలి. ప్రతులు 50 దాటాక © ముద్ర ఎంత పెద్దగా వేసినా లాభం ఉండదు.

© సంగతికి వస్తే, మూడింటిలోనూ ఇదే అతి సులువైనది, జనం అతిగా భయపడేదీ ఇదే. "కాపీరైట్ తీసుకోవాలంటే ఎక్కడ అప్లై చేయాలి?" అని కొత్త కవులు అడుగుతుంటారు. ఎక్కడా అక్కర్లేదు. రాసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు, తగాదా వచ్చినప్పుడు అది సాక్ష్యంగా పనికొస్తుంది, అంతకు మించి ఏమీ కాదు. 1886లో పుట్టిన బెర్న్ ఒప్పందం ఈ పద్ధతిని ప్రపంచానికి నేర్పింది. మరి © అన్ని దేశాలకూ ఎలా పాకింది? నమోదు, ప్రకటన లేనిదే హక్కు ఒప్పుకోని అమెరికా లాంటి దేశాలను కూడా కలుపుకోవడానికి 1952లో జెనీవాలో ఇంకో ఒప్పందం కుదిరింది. గుర్తు, పేరు, సంవత్సరం ఈ మూడూ ఉంటే చాలునని అది చెప్పింది. అమెరికా కూడా 1989 మార్చి 1 నుంచి గుర్తు తప్పనిసరి కాదంది. ఇప్పుడు © లేకపోయినా హక్కు పోదు. ఉంటే మాత్రం చదివేవాడికి ఎవర్ని అడగాలో తెలుస్తుంది. పాత తెలుగు పుస్తకాల లోపలి అట్ట మీద "సర్వస్వామ్య సంకలితము" అని ఉండేది కూడా ఆ పని కోసమే.

కాబట్టి © రాసేటప్పుడు పనికొచ్చేది గుర్తు కన్నా దాని పక్కన ఉండే పేరు, సంవత్సరం. సంవత్సరం అంటే మొదటిసారి అచ్చయిన ఏడాది. రెండో ముద్రణలో ఏమీ మార్చకపోతే పాత ఏడాదే ఉండాలి. కొత్త అధ్యాయాలు చేరిస్తే రెండు ఏళ్లూ వేస్తారు. పేరు రచయితదా, ప్రచురణకర్తదా అన్నది కాగితం మీది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. నోటిమాటతో హక్కు బదిలీ కాదు. 19వ సెక్షన్ ప్రకారం రాతలో, సంతకంతో ఉండాలి. కాలం ఎంతో రాసుకోకపోతే ఐదేళ్లు అనే లెక్కిస్తారు. ఏ ప్రాంతానికో రాసుకోకపోతే భారతదేశం వరకే. ఆవిష్కరణ సభకు తొందరపడి ఒక్క వాక్యంలో ముగించిన ఒప్పందాలు సరిగ్గా ఇక్కడే బయటపడతాయి. లేబుల్ మీది లోగోకూ ఇదే వర్తిస్తుంది. డబ్బులిచ్చి గీయించుకున్నాం కదా అని బొమ్మ మొత్తంగా తమదే అనుకోకుండా, గీసిన డిజైనర్ దగ్గర ఒక పేజీ రాయించుకోవడం తెలివైన పని.

ఎవరి రాత మీద © చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అన్నదానికి జనగామ, మహబూబాబాద్ జిల్లాలే పాఠం చెబుతాయి. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య 1987లో కన్నుమూశారు. ఆయన కవిత్వం మీద హక్కు 2047 డిసెంబరు 31 దాకా ఆయన వారసులదో, వారు రాసిచ్చినవాళ్లదో. జయంతి సంచికలో ఆయన కవితలు పూర్తిగా వేసి, కింద "© మా సాహితీ సంస్థ" అని వేసుకుంటే అది ఇతరుల ఇంటికి తన తాళం వేసినట్టే. దాశరథి తమ్ముడు రంగాచార్య 2015లో పోయారు. ఆయన నవలలకు గడువు 2075 చివరి దాకా ఉంది.

జనగామ జిల్లా పాలకుర్తి మండలం బమ్మెరకు వెళ్తే లెక్క తిరగబడుతుంది. పోతన ఊరది. ఆయన 15వ శతాబ్దం వాడు. భాగవతం పద్యాల మీద ఎవరికీ కాపీరైట్ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అయితే ఈనాటి పండితుడు రాసిన తాత్పర్యం, ముందుమాట, చిత్రకారుడు వేసిన బొమ్మలు కొత్తవి. అవి వాళ్లవే. అలాంటి పుస్తకం లోపలి పేజీలో "© తాత్పర్యం, పీఠిక: ఫలానా వారు, 2025" అని ఏది ఎవరిదో విడదీసి రాయడం నిజాయితీ. పుస్తకం మొత్తం మీద ఒకే © వేసి ఊరుకుంటే పోతన పద్యాలు కూడా తమవే అన్నట్టుంటుంది. రాజులకు అంకితం ఇవ్వనని రాముడికి ఇచ్చాడని చెప్పుకునే కవి విషయంలో ఇది మరీ ఎబ్బెట్టు.

పుస్తకం పేరు పక్కన © వేయడం ఇంకో అలవాటు. పేరు మీద కాపీరైట్ ఉండదు. "దేశీ బాయ్స్" సినిమా పేరు గొడవలో సుప్రీంకోర్టు 2015లో ఈ మాటే చెప్పింది. పత్రిక పేరో, పుస్తకాల వరుస పేరో కాపాడుకోవాలంటే దారి ట్రేడ్‌మార్క్ చట్టం వైపు ఉంది. అక్కడ రాసుకోవలసింది ™.

పాట విషయంలో నాలుగో గుర్తు ఒకటి ప్రవేశిస్తుంది: ℗. అది రికార్డింగుది. జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు పెట్టింది పేరు. ఆయన చెప్పిన మల్లన్న కథ, బీరప్ప కథ ఎవరి సొంతమూ కావు. తరతరాలుగా నడుస్తూ వచ్చినవి. కానీ ఒక రాత్రి ఆయన గొంతులో, డోలు దెబ్బల మధ్య జరిగిన ప్రదర్శన మీద కళాకారుడికి 50 ఏళ్ల హక్కు ఉంటుంది. దాన్ని రికార్డు చేసి విడుదల చేసినవాళ్లకు ఆ రికార్డింగు మీద 60 ఏళ్లు. యూట్యూబులో జానపదాలు పెట్టే కుర్రాళ్లు "© మా చానల్" అని రాసి పాటంతా తమదన్నట్టు చెప్పుకోవడం సరికాదు. వాళ్లు రాయదగింది ℗, ఏడాది, తమ పేరు. పైగా మన చట్టం 52ఏ సెక్షన్ ప్రకారం రికార్డింగు మీద చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన ఏడాది చూపించడం తప్పనిసరి. గుర్తు ఐచ్ఛికం, వివరాలు తప్పవు. పాటగాళ్ల పేర్లు కూడా రాస్తే బాగుంటుందని వేరే చెప్పాలా?

ఇప్పటిదాకా అంతా సొంత పేరు, సొంత రాత గొడవ. ఇతరుల బ్రాండు పేర్లు మన రాతలో వచ్చినప్పుడు ఏం చేయాలి? విలేకరికి, కథారచయితకు జవాబు చిన్నది: ఏమీ పెట్టనక్కర్లేదు. భూపాలపల్లి గనుల రోడ్డు మీద జేసీబీ బోల్తా పడిందని రాసే విలేకరి దాని పక్కన ® వేయడు, వేయకూడదు కూడా. అది నిజానికి ఒక కంపెనీ పేరు. మన జనం మట్టి తవ్వే ప్రతి యంత్రాన్నీ జేసీబీ అంటారు, ఫొటోకాపీని జిరాక్స్ అంటారు. జిరాక్స్ కంపెనీ తన పేరును అలా సాధారణ మాటగా వాడొద్దని ఏళ్ల తరబడి ప్రకటనలు ఇచ్చింది. మహబూబాబాద్‌లో జిరాక్స్ సెంటర్ బోర్డు రాసే పెయింటర్ దాకా అవి చేరలేదు. బోర్డు రాసే పెయింటర్‌కు, పత్రిక నడిపే సంపాదకుడికి పట్టింపు ఒకే తీరుగా ఉండక్కర్లేదు గానీ, యంత్రం నిజంగా వేరే కంపెనీదైతే వార్తలో "పొక్లెయిన్", "జేసీబీ" అని గుడ్డిగా రాయకుండా "తవ్వకం యంత్రం" అనడం కచ్చితంగా ఉంటుంది.

వ్యాపార ప్రకటనలో మాత్రం జాగ్రత్త కావాలి. ఫోన్లు బాగు చేసే దుకాణం ఫలానా కంపెనీ ఫోన్లు రిపేరు చేస్తామని రాసుకోవచ్చు. నిజాయితీగా పని చెప్పుకోవడానికి ఆ పేరు వాడటాన్ని 30వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఆ కంపెనీ లోగోను ఫ్లెక్సీ మధ్యలో పెద్దగా వేసి, తామే వాళ్ల అధీకృత కేంద్రం అన్నట్టు కనబడితే అక్కడి నుంచి తకరారు. పేరు మామూలు అక్షరాల్లో రాసి, కింద ఆ పేరు ఆ సంస్థదేనని ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.

ఎన్నిసార్లు పెట్టాలి అన్నదానికీ ఒక లెక్క ఉంది. లేబుల్ మీద పెద్దగా కనబడే చోట ఒక్కసారి. కరపత్రంలో మొదటిసారి పేరు వచ్చిన చోట ఒక్కసారి. అక్కడితో ఆపాలి. పది వాక్యాల్లో పదిసార్లు ® వేసిన ప్రకటన చదివేవాడికి కంట్లో నలుసులా ఉంటుంది. తెలుగులో ఇంకో ఇబ్బంది విభక్తులతో వస్తుంది. "రుచిమాత®లో", "రుచిమాతతో®" అని రాస్తే గుర్తు మాట మధ్యలో ఇరుక్కుంటుంది, లేకపోతే విభక్తి కూడా రిజిస్టర్ అయినట్టు కనబడుతుంది. పేరును కదపకుండా పక్కన సరుకు పేరు పెట్టి, ప్రత్యయాన్ని దానికి తగిలిస్తే చక్కగా కుదురుతుంది: "రుచిమాత® కారంలో", "రుచిమాత® తొక్కుతో". (రుచిమాత ఉదాహరణ కోసం అనుకున్న పేరు.)

గుర్తు ఎక్కడ? పేరులోని చివరి అక్షరానికి కుడివైపు పైన, చిన్నగా ఉండాలి. తెలుగులో గుడులు, తలకట్లు పైకి పోతాయి కాబట్టి గుర్తు వాటికి తగలకుండా కాస్త ఎడం ఇవ్వాలి. © మాత్రం అలా పైకెక్కదు. ఏడాదితో సమానంగా, వరుసలోనే ఉంటుంది. కంప్యూటర్ మీద ఆల్ట్ మీట నొక్కి పట్టి, అంకెల పలక మీద 0169 కొడితే ©, 0174 కొడితే ®, 0153 కొడితే ™ వస్తాయి. ఫోన్‌లో గుర్తుల రెండో పేజీలో మూడూ దొరుకుతాయి.

పాత అను ఫాంట్లతో పేజీలు కట్టే ప్రెస్సుల్లో ఈ కొట్టడమే బెడిసికొడుతుంది. ఆ ఫాంట్లలో ఆ అంకెల చోట్లను తెలుగు అక్షర ముక్కలు ఆక్రమించుకుని ఉంటాయి. © కొడితే ఏదో ఒత్తు ప్రత్యక్షమవుతుంది. ఆ ఒక్క గుర్తును ఎంచుకుని ఇంగ్లిష్ ఫాంట్‌లోకి మార్చాలి. మార్చాక కూడా తెర మీద చూసి వదిలేయకుండా, ప్లేటు వేసేముందు పీడీఎఫ్ తీసి, లోపలి పేజీని కాగితం మీద ప్రింట్ చేసి, గుర్తు, ఏడాది, పేరు మూడింటినీ వేలు పెట్టి చదువుకోవాలి. వెయ్యి కాపీలు కుట్టు పడ్డాక దిద్దాలంటే స్టిక్కర్లు అంటించడం తప్ప దారి ఉండదు.